నా మొబైల్ స్టార్టర్‌ని మక్కీకి మక్కీ కాపీ కొట్టారు. చిప్‌లోంచి ప్రోగ్రాం ఎలా లాగి ఉంటారు?

బోరుమోటారు శ్రీను (పల్నాడు) | జూన్ 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పలేదు.

నాది చిన్న యూనిట్. నేను, మా తమ్ముడు, ఇద్దరు కుర్రాళ్లు. వ్యవసాయ మోటార్లకి మొబైల్ స్టార్టర్లు చేస్తాం. మిస్డ్ కాల్ ఇస్తే బోరు ఆన్ అవుతుంది, ఫేజు పోతే ఆగుతుంది, బోర్లో నీళ్లు తగ్గితే ఆపేసి మెసేజ్ పంపుతుంది. బోర్డు మీద ప్రోగ్రాం ఉండే చిప్ ఏటీమెగా 328పీ, పక్కన సిమ్‌తో పనిచేసే జీఎస్‌ఎం మాడ్యూల్, మోటారుని ఆన్, ఆఫ్ చేసే రిలేలు, అంతే. సీజన్‌కి ఐదారు వందలు పోతాయి. అన్నీ గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపే.

మొన్న జడ్చర్ల దగ్గర్నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "సార్, మీ స్టార్టరు కరెంటు వచ్చినప్పుడల్లా టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టుకుని అప్పుడు ఆన్ అవుతోంది, ఏమైనా చెడిపోయిందా" అని. నేను అటువైపు ఒక్క పీసు కూడా అమ్మలేదు. నా నంబరు ఎక్కడిదంటే "మెసేజ్‌లో వస్తోంది గదా" అన్నాడు. ఫొటోలు పెట్టమన్నాను. పెట్టె వేరు, స్టిక్కర్ వేరు, కంపెనీ పేరు వేరు. మూత తీసి తీసిన ఫొటోలో బోర్డు మాత్రం నాదే. మెసేజ్ స్క్రీన్‌షాట్ చూస్తే కడుపు రగిలిపోయింది. "మోటారు ఆగిపొయింది" అని ఉంది. "పో" బదులు "పొ" అని నాలుగేళ్ల కింద నేను కొట్టిన తప్పు, దిద్దుదాం దిద్దుదాం అని వదిలేసింది, అలాగే ఉంది. కింద సర్వీస్ నంబరు కూడా నాదే. అమ్మేది వాడు, ఫోన్లు ఎత్తేది నేను!

చిప్ సెట్టింగులు, అదే ఫ్యూజులు, అన్నీ సరిగ్గానే పెట్టాను. అయినా చిప్‌లోంచి ప్రోగ్రాం ఎలా బయటికి వచ్చింది? ఎస్‌టీఎం32 అనే వేరే రకం చిప్‌కి మారితే ఆగుతుందని ఒకాయన అన్నాడు. నిజమేనా? రెండు రోజులుగా నిద్ర లేదు.

సోల్డర్ సుబ్బారావు (హైదరాబాద్) | జూన్ 11, రాత్రి 10:15

శ్రీను గారూ, ముందు ఒక గ్లాసు మజ్జిగ తాగండి. ఈ జబ్బు కొత్తది కాదు. నేను 8051 అనే పాత చిప్పుల కాలం నుంచి చూస్తున్నాను. ఆ రకం చిప్ ఏటీ89సీ51లో లోపలి ప్రోగ్రాం చదవనివ్వకుండా ఆపే లాక్ బిట్లు మూడు ఉండేవి, ఆ మూడూ వేసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకునేవాళ్లం. పిక్ 16సీ84 అనే చిప్ వచ్చాక దాని తాళం సంగతి బయటపడింది. సప్లై వోల్టేజీని ప్రోగ్రామింగ్ వోల్టేజీకి అర వోల్టు తక్కువ దాకా పెంచి సెక్యూరిటీ బిట్‌ని మళ్లీ రాస్తే, చాలాసార్లు తాళం ఊడిపోయేది, లోపలి ప్రోగ్రాం మాత్రం చెరిగేది కాదు. 1996లో రాస్ ఆండర్సన్, మార్కుస్ కూన్ అనే పరిశోధకులు రాసిన పేపర్లో ఈ చిట్కా కూడా ఉంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్లు వరసగా ఇలాంటివే బయటపెడుతూ వచ్చారు. 2002లో స్కోరోబొగటోవ్, ఆండర్సన్ కలిసి కెమెరా ఫ్లాష్ బల్బు వెలుగుని మైక్రోస్కోపు గుండా పిక్ 16ఎఫ్84 మీద పడేసి, లోపలి మెమరీలో ఒక్కొక్క బిట్టుని తిప్పి చూపించారు.

అంచేత చిప్ తాళం అంటే ఇనప్పెట్టె అనుకోకండి. గొళ్లెం అనుకోండి.

రేవతి ఎంబెడెడ్ (బెంగళూరు) | జూన్ 11, రాత్రి 10:31

సుబ్బారావు గారూ, మీ కథలంటే నాకూ ఇష్టమే. కానీ శ్రీను గారి బోర్డుకి కెమెరా ఫ్లాష్ వాడిన వాళ్లెవరూ ఉండరని నా అనుమానం.

శ్రీను గారూ, ఒక్క ప్రశ్న. "ఫ్యూజులు పెట్టాను" అన్నారు. లాక్ బిట్లు పెట్టారా? రెండూ ఒకటి కాదు.

బోరుమోటారు శ్రీను | జూన్ 11, రాత్రి 10:40

ఒకటి కాదా? నేను చిప్‌లో ప్రోగ్రాం ఎక్కించే ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో బర్న్ బూట్‌లోడర్ అనే ఆప్షన్ కొడతాను. అందులో ఫ్యూజులు, లాక్ అన్నీ అదే రాసేస్తుంది కదా మేడమ్?

రేవతి ఎంబెడెడ్ | జూన్ 11, రాత్రి 11:08

అనుకున్నాను. చాలామంది ఇక్కడే పడతారు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఫ్యూజు బిట్లు చిప్ ఎలా నడవాలో చెప్తాయి. క్రిస్టల్ ఏది, అసలు ప్రోగ్రాంని లోపలికి ఎక్కించే చిన్న ప్రోగ్రాం, అదే బూట్‌లోడర్‌కి ఎంత చోటు, వోల్టేజీ ఎంత పడితే రీసెట్ అవ్వాలి, ఇలాంటివి. లోపలిది బయటివాడు చదవచ్చా లేదా అన్నది వేరే బైటు, లాక్ బైటు. 328పీలో ఆ బైటులో ఆరు బిట్లే పనికొస్తాయి. పైన నాలుగు బూట్ లాక్ బిట్లు. బూట్‌లోడర్ భాగం, మీ ప్రోగ్రాం భాగం ఒకదాన్నొకటి చెరపకుండా, చదవకుండా చూసేవి. చివరి రెండే ప్రోగ్రామర్‌ని, అంటే చిప్‌కి తగిలించి చదివే, రాసే పరికరాన్ని, ఆపేవి. అవి రెండూ 11 అయితే తాళం లేనట్టు. 00 అయితే బయటి ప్రోగ్రామర్‌కి ప్రోగ్రాం ఉండే ఫ్లాష్‌ని, నంబర్లలాంటివి దాచుకునే ఈఈప్రామ్‌ని చదవడం, రాయడం కుదరదు.

ఆర్డునో బర్న్ బూట్‌లోడర్ కొట్టినప్పుడు రాసే లాక్ బైటు చివర నాలుగు బిట్లూ 1111. అంటే బూట్‌లోడర్ తనని తాను చెరుపుకోకుండా మాత్రమే కాపాడుతోంది. మీ ప్రోగ్రాం నడిరోడ్డు మీదే ఉంది. మీ బోర్డు మీద ప్రోగ్రామర్ తగిలించే ఆరు పిన్నుల ఐఎస్‌పీ హెడర్ ఉందా? ఉంటే, యూఎస్‌బీ ఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ ఒకటి తగిలించి చదువుకోవచ్చు.

ఇంకొకటి. ఆర్డునోతో వచ్చే ఆప్టీబూట్ అనే బూట్‌లోడర్‌కి రాయడమే కాదు, చదివి చెప్పడం కూడా వచ్చు. కాబట్టి ఐఎస్‌పీ హెడర్ కూడా అక్కర్లేదు. సీరియల్ పిన్నులు రెండు దొరికితే చాలు. చివరి రెండు బిట్లు 00 చేసినా ఈ దారి మూసుకోదు, ఎందుకంటే చదివేది చిప్ లోపలున్న బూట్‌లోడరే. అమ్మే బోర్డులో బూట్‌లోడర్ లేకుండా ప్రోగ్రాం నేరుగా ఎక్కించి, లాక్ వేయండి. పొలం దగ్గర ల్యాప్‌టాప్ పెట్టి అప్‌డేట్ చేసే అవసరం మీకు ఎలాగూ ఉండదు.

రేపు పొద్దున మీ బోర్డు ఒకటి తీసి మీరే చదివి చూడండి.

బోరుమోటారు శ్రీను | జూన్ 12, ఉదయం 7:20

చదివాను. పావు నిమిషం కూడా పట్టలేదు. చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం, అదే హెక్స్ ఫైలు, మొత్తం వచ్చేసింది. దాన్ని కొత్త చిప్‌లో ఎక్కిస్తే టకీమని పనిచేసింది. నాలుగేళ్లుగా తలుపు తీసి పెట్టి, కిటికీలకి ఊచలు బిగించుకుంటూ కూర్చున్నానన్నమాట. చిప్ మీద నంబరు కనపడకుండా గీకేవాణ్ని కూడా!

చిప్ చారి (జడ్చర్ల) | జూన్ 12, ఉదయం 8:05

శ్రీనన్నా, గీకినా లాభం లేదన్నా. ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్పే తన పేరు చెప్తుంది. సిగ్నేచర్ బైట్లు ఉంటాయి గదా. గీకితే ఇబ్బందయ్యేది మా రిపేరోళ్లకే.

నాది జడ్చర్లలో మోటారు వైండింగ్, స్టార్టర్ రిపేరు షాపు. ఆ రైతు నంబరు నాకు పర్సనల్ మెసేజ్‌లో ఇవ్వు. దగ్గరే అయితే పోయి బోర్డు చూసి చెప్తా.

గ్లిచ్ గిరి (మ్యూనిక్) | జూన్ 12, మధ్యాహ్నం 1:50

ఎస్‌టీఎం32 సంగతి నేను చెప్తాను. నా ఎమ్మెస్ థీసిస్ ఈ లైన్లోనే.

ముందు మంచి మాట. దాంట్లో ఎఫ్0, ఎఫ్4 లాంటి సిరీస్‌లలో ఆర్‌డీపీ అనే తాళానికి మూడు స్థాయులు. 0 అంటే తాళం లేదు. 1 అంటే చిప్ లోపల ఏం జరుగుతోందో చూసే డీబగ్గర్ అనే పరికరం తగిలించినా ఫ్లాష్ చదవనివ్వదు, మళ్లీ 0కి దింపితే మొత్తం చెరిపేస్తుంది. 2 అంటే డీబగ్ పోర్టే మూసేస్తుంది, వెనక్కి దారి లేదు, వేసిన మనిషికి కూడా.

ఇప్పుడు చెడ్డ మాట. 2017లో ఇక్కడి ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వాళ్లు, ఒబర్‌మేయర్, టాచ్‌నర్, ఎఫ్0 సిరీస్ మీద పేపర్ వేశారు. చిప్ మూత కరిగించి, ఆర్‌డీపీ బిట్లు ఉన్న చోట యూవీ లైటు కొడితే స్థాయి 2 కాస్తా 1కి దిగింది. స్థాయి 1లో డీబగ్ పోర్టు తగిలించిన క్షణానికి, తాళం పడే క్షణానికి మధ్య చిన్న సందు ఉంది. ఆ సందులో ఒక్కో ముక్కా లాగుతూ, రీసెట్ చేస్తూ, మళ్లీ లాగుతూ మొత్తం చదివేశారు.

మీరు అనుకుంటున్నది చవకగా దొరికే ఎఫ్103 అయితే దాంట్లో స్థాయి 2 అసలు లేదు. 2020లో ఒబర్‌మేయర్, షింక్ దానికి ఇంకో దారి చూపించారు. మూత కరిగించక్కర్లేదు, లైటు అక్కర్లేదు, డీబగ్గర్ చాలు. ఎక్సెప్షన్, అంటే పని మధ్యలో అడ్డు, వచ్చినప్పుడు ఎక్కడికి పోవాలో చెప్పే పట్టీని, అదే వెక్టర్ టేబుల్‌ని, చిప్ ఫ్లాష్ నుంచి చదువుకుంటుంది, ఆ చదివింది ఇప్పుడు ఏ చోట నడుస్తోందో చూపించే ప్రోగ్రాం కౌంటర్లో కనిపిస్తుంది. వెక్టర్ టేబుల్ ఎక్కడుందో మార్చుకుంటూ పోతే ఫ్లాష్‌లో చాలా భాగం బయటికొస్తుంది.

సోల్డర్ సుబ్బారావు | జూన్ 12, మధ్యాహ్నం 2:20

అది భలే తెలివి. చదవనివ్వని చిప్‌తోనే చదివించుకోవడం.

ఆనంద్ పీసీబీ (విశాఖ) | జూన్ 12, మధ్యాహ్నం 3:02

ఎఫ్103 బదులు దాని చైనా కజిన్లు దొరుకుతాయి కదా, జీడీ32 లాంటివి. అవి ఇంకా కొత్తవి, ఈ లోపాలు ఉండవేమో?

గ్లిచ్ గిరి | జూన్ 12, మధ్యాహ్నం 3:30

లేదు బ్రదర్. 2020లోనే అదే బృందం ఆ కజిన్లన్నిటినీ వరసగా పెట్టి చూసింది. పరీక్షించిన ప్రతి దాంట్లో ఏదో ఒక లోపం దొరికింది. జీడీ32ఎఫ్103 లోపల అయితే ప్రాసెసర్ ఒక ముక్క, ఫ్లాష్ ఇంకో ముక్క, ఒకదాని మీద ఒకటి పెట్టి సన్నటి తీగలతో కలిపి ఉంటాయి. మూత తీస్తే ఆ తీగలు దొరుకుతాయి.

రేవతి ఎంబెడెడ్ | జూన్ 12, సాయంత్రం 6:45

గిరి చెప్పినవన్నీ నిజం. కానీ ఇలా చదువుతూ పోతే శ్రీను గారు చిప్పులే మానేసి కాంటాక్టర్లతో స్టార్టర్ చేస్తారు.

తాళాలు పెట్టే తీరులో కూడా తేడాలున్నాయి, చిప్ ఎంచుకునేటప్పుడు అది చూడాలి. ఉదాహరణకి ఎల్‌పీసీ అనే సిరీస్ చిప్పులు చూడండి. దాంట్లో ఫ్లాష్‌లో ఒక చోట 32 బిట్ల విలువ ఉంటుంది. అక్కడ 12345678 అని ఉంటే మొదటి స్థాయి తాళం, 87654321 అయితే రెండోది, 43218765 అయితే మూడోది. ఇవి హెక్సాడెసిమల్, అంటే 16 ఆధారంగా రాసే అంకెలు. ఇవి కాక వేరే ఏది ఉన్నా చదువుకోవడానికి అడ్డు లేదు! చదివే క్షణంలో ఒక్క బిట్టు తడబడితే తలుపు తెరుచుకున్నట్టే. 2017లో క్రిస్ గెర్లిన్స్కీ అనే పరిశోధకుడు సరిగ్గా ఇదే చేసి చూపించాడు, పవర్ లైన్లో చిన్న కుదుపు ఇచ్చి. ఎస్‌టీఎం32ఎఫ్4లో తిరగేసి ఉంటుంది. ఒక్క ఏఏ అనే విలువకే తాళం తీసి ఉంటుంది, సీసీ అయితే స్థాయి 2, మిగతా ఏది ఉన్నా స్థాయి 1. తడబడితే మూసుకునే వైపే తడబడుతుంది. స్థాయి 2 మాత్రం మళ్లీ ఒకే ఒక్క విలువ మీద నిలబడింది చూడండి, దాన్ని కదిపితే 1కి దిగుతుంది. ఫ్రౌన్‌హోఫర్ వాళ్లు పట్టుకున్నది అక్కడే.

ఈ కుదుపు పద్ధతి, గ్లిచ్ అనేది, ఇప్పుడు ఖరీదైన ల్యాబుల్లోనే జరిగేది కాదు. చిప్ ఆన్ అయ్యేటప్పుడు "తాళం ఉందా" అని ఒకసారి చూసుకుంటుంది. ఆ క్షణం పట్టుకుని కరెంటు కాస్త లాగితే చూసుకోవడం తప్పిపోతుంది. 2020లో ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్పులు ఇలాగే పడ్డాయి. 2021లో ఆపిల్ వాళ్ల వస్తువులు వెతికే బిళ్ల ఎయిర్‌ట్యాగ్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎఫ్52832ని ఒకాయన రాస్ప్‌బెర్రీ పై పికో అనే చవక బోర్డుతోనే గ్లిచ్ చేశాడు. అదే 2020లో క్రాకెన్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి వాళ్లు ట్రెజర్ క్రిప్టో వాలెట్‌ని, అందులో ఉన్నది ఎస్‌టీఎం32, చేతికిస్తే 15 నిమిషాలు చాలన్నారు.

అయితే ఎవరు, దేనికి చేస్తారు? వాలెట్లో కోట్లుంటే పది రోజులు కూర్చుని చేస్తారు. మూడువేల స్టార్టర్ కోసం చేస్తారా? మీ ప్రోగ్రాం లాగడానికయ్యే ఖర్చు, వాడు ఒక కుర్రాణ్ని పెట్టి కొత్తగా రాయించుకునే ఖర్చు కంటే ఎక్కువగా ఉండాలి. మీకు కావలసిన తాళం అంతే. 328పీలోనే లాక్ సరిగ్గా వేస్తే మీ సరుకుకి ఇప్పటికి సరిపోతుందని నా అభిప్రాయం. చిప్ మార్చే ఖర్చు అనవసరం.

ఆనంద్ పీసీబీ | జూన్ 12, రాత్రి 7:10

నేనైతే పికో పెడదామనుకుంటున్నాను, చవక కదా.

రేవతి ఎంబెడెడ్ | జూన్ 12, రాత్రి 7:18

పికోలో ఉండే ఆర్‌పీ2040 చిప్ అయితే వద్దు. దాంట్లో ప్రోగ్రాం చిప్ లోపల ఉండదు, పక్కనున్న ఎనిమిది కాళ్ల ఫ్లాష్‌లో ఉంటుంది. క్లిప్ పెట్టి చదువుకోవచ్చు. దాని తర్వాత వచ్చిన ఆర్‌పీ2350లో ప్రోగ్రాం మీద డిజిటల్ సంతకం చూసి బూట్ అయ్యే ఏర్పాటు, లోపల ఒక్కసారే రాయగలిగే ఓటీపీ మెమరీ ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు ధైర్యంగా 2024 ఆగస్టులో "దీన్ని పగలగొట్టండి" అని పదివేల డాలర్ల పందెం పెట్టి, తర్వాత ఇరవై వేలకి పెంచారు. 2025 జనవరిలో నలుగురు విజేతలని ప్రకటించారు. అందులో ఒకరు ఓటీపీకి కరెంటిచ్చే పిన్ను మీద గ్లిచ్ కొట్టారు. నాకైతే ఆ కంపెనీ మీద గౌరవం పెరిగింది. దాచిపెట్టకుండా డబ్బిచ్చి మరీ లోపాలు బయటపెట్టించుకున్నారు.

99రీడ్‌సర్వీస్ | జూన్ 12, రాత్రి 8:33

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | జూన్ 12, రాత్రి 8:41

"ఏ చిప్ అయినా చదివిస్తాం, కోడ్ వచ్చాకే డబ్బు" అని ఫోన్ నంబరుతో పెట్టిన ప్రకటన తీసేశాను. ఈ చర్చలోనే వచ్చి పెట్టాడంటే ధైర్యం మెచ్చుకోవాలి. ప్రచురితమైన పరిశోధన గురించి మాట్లాడుకోవచ్చు. ఎవరి బోర్డునో ఎలా పగలగొట్టాలో అంచెలంచెలుగా ఇక్కడ రాయకండి.

సోల్డర్ సుబ్బారావు | జూన్ 12, రాత్రి 9:00

చూశారా, మార్కెట్ ఉంది కాబట్టే ప్రకటన ఉంది.

శ్రీను గారూ, బోర్డు మొత్తం గట్టిపడే ఎపాక్సీ జిగురు పోసేస్తే? మేము రక్షణ శాఖ పనులకి పోసేవాళ్లం, తేమ కోసం. కదిలిస్తే ట్రాకులు కూడా ఊడొస్తాయి.

చిప్ చారి | జూన్ 12, రాత్రి 9:26

సార్, దండం పెడతా, ఆ పని మాత్రం చెప్పకండి. ఎండాకాలం డబ్బా లోపల చెయ్యి పెట్టలేనంత వేడుంటుంది. రిలే పోతుంది, ఎక్కువ వోల్టేజీని ఆపే ఎంఓవీ పేలుతుంది, పిడుగు పడితే సప్లై పోతుంది. ఇవన్నీ పదీ ఇరవై రూపాయల సామాను. ఎపాక్సీ పోస్తే ఇరవై రూపాయల రిలే కోసం రైతు మూడువేల స్టార్టర్ పారెయ్యాలి. నాట్ల టైంలో మోటారు రెండు రోజులు ఆగితే ఏమైతదో మీకు తెలుసు.

లాక్ వేసుకోండి, ప్రోగ్రాం మీది. బోర్డు మాత్రం మాకు వదిలిపెట్టండి.

రేవతి ఎంబెడెడ్ | జూన్ 12, రాత్రి 9:50

చారి గారితో నూరు శాతం ఏకీభవిస్తాను. లాక్ వేసినంత మాత్రాన రిపేరుకి అడ్డం కాదు. లాక్ ఉన్న 328పీని చెరిపి మళ్లీ రాసుకోవచ్చు, చదవలేమంతే.

అక్కడ ఒక చిక్కుంది, శ్రీను గారు గమనించాలి. చిప్ చెరిపితే ఈఈప్రామ్ కూడా పోతుంది, అంటే రైతు రిజిస్టర్ చేసుకున్న ఫోన్ నంబర్లు పోతాయి. అలా పోకుండా ఈఈసేవ్ అనే ఫ్యూజు ఉంది. అది పెడితే నంబర్లు మిగులుతాయి. కానీ చెరిపాక లాక్ కూడా పోతుంది కాబట్టి, మిగిలిన ఈఈప్రామ్‌ని ఎవరైనా చదవచ్చు. నంబర్లయితే ఫర్వాలేదు. పాస్‌వర్డో, కీనో ఈఈప్రామ్‌లో పెట్టి ఈఈసేవ్ వేశారంటే మాత్రం తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టే.

ఆనంద్ పీసీబీ | జూన్ 12, రాత్రి 10:12

ఎస్‌టీఎం32లో ప్రతి చిప్‌కీ 96 బిట్ల సొంత నంబరు ఉంటుంది కదా. ప్రోగ్రాం ఆ నంబరు చూసుకుని, వేరే చిప్ అయితే నడవకుండా చేస్తే? చదివినా పనికిరాదు.

గ్లిచ్ గిరి | జూన్ 12, రాత్రి 10:20

చదవగలిగినవాడు ఆ పోలిక జరిగే చోటు వెతికి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మార్చేస్తాడు. ఒక సాయంత్రం పని.

రేవతి ఎంబెడెడ్ | జూన్ 12, రాత్రి 10:34

గిరీ, నీకు ఒక సాయంత్రం. ఆ కాపీ వాడు మెసేజ్‌లో ఫోన్ నంబరు కూడా మార్చుకోలేదని మర్చిపోయావు :) వాడికి అది ఒక జన్మ. నేనైతే పెట్టమనే చెప్తాను, ఒకే చోట కాకుండా మూడు నాలుగు చోట్ల చెల్లాచెదురుగా. నంబరు తప్పయితే వెంటనే ఆగిపోకుండా, ఇరవై రోజుల తర్వాత ఆగేలా.

చిప్ చారి | జూన్ 12, రాత్రి 10:41

మేడమ్, ఇరవై రోజుల తర్వాత ఆగితే కొన్న రైతు పొలం ఎండుతుంది. దొంగది కాదు.

రేవతి ఎంబెడెడ్ | జూన్ 12, రాత్రి 10:55

నిజమే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆఫీసులో కూర్చుని ఆలోచిస్తే ఇలాగే ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడే నడవకూడదు, కొట్టువాడే తిరిగి ఇచ్చేస్తాడు.

లాయర్ పద్మ (విజయవాడ) | జూన్ 13, ఉదయం 10:10

నాకు చిప్పుల గురించి తెలీదు. చట్టం సంగతి రెండు ముక్కలు. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికే వస్తుంది. మీరు రాసిన క్షణం నుంచి హక్కు మీదే, రిజిస్టర్ చేయకపోయినా సరే. ఇంకొకరు రాసింది ఎలా పనిచేస్తుందో పరిశీలించి, ఆ ఆలోచనతో సొంతంగా రాసుకోవడాన్ని సెక్షన్ 52 అనుమతిస్తుంది. మీ తప్పు అక్షరంతో సహా ఎక్కించుకోవడం ఆ కోవలోకి రాదు. తెలిసి తెలిసి కాపీ ప్రోగ్రాం వాడితే సెక్షన్ 63బీ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా.

తాళం పగలగొట్టడం గురించి 2012 సవరణలో 65ఏ అనే సెక్షన్ వచ్చింది. మీరు తాళమే వేయలేదు కాబట్టి అది ఎత్తడం కష్టం. ఆ "పొ" మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, దిద్దకండి. కొట్టులో బిల్లుతో ఒక పీసు కొని, సీలు తీయకుండా పెట్టుకోండి. బోర్డులు బయట చేయిస్తే వాళ్లతో గోప్యత ఒప్పందం రాసుకున్నారా?

బోరుమోటారు శ్రీను | జూన్ 13, ఉదయం 11:25

ఒప్పందమా మేడమ్! ఫోన్లో మాట, జీఎస్‌టీ బిల్లు, అంతే. బోర్డు డిజైన్ ఉన్న గెర్బర్ ఫైలూ, బోర్డు పరీక్షించే టెస్టు హెక్సూ బోర్డులు చేసేవాళ్లకి మెయిల్ చేస్తాను, బోర్డులు పార్సిల్లో వస్తాయి.

చిప్ చారి | జూన్ 13, రాత్రి 8:15

శ్రీనన్నా, పోయి వచ్చిన. బోర్డు నా టేబుల్ మీద ఉంది. రైతుకి అప్పటిదాకా నా దగ్గరున్న పాత స్టార్టరు బిగించి వచ్చిన.

ఒకటి, చిప్ మీద నంబరు గీకేసి ఉంది. చదివితే 328పీ అనే వచ్చింది. రెండు, వాళ్లు కూడా లాక్ వేయలేదు. నవ్వొచ్చింది. మూడు, రిలే బాగానే ఉంది, సప్లై బాగానే ఉంది, వోల్టేజీ బాగానే ఉంది. అయినా ఆన్ చేసినప్పుడల్లా మూడు రిలేలూ వరసగా ఒక్కోసారి కొట్టుకుంటున్నయి. ఒకటే రిలే మూడుసార్లు కాదు, మూడు రిలేలు ఒక్కొక్కటి. చెడిపోయి కొట్టుకునేది అలా లెక్క ప్రకారం కొట్టుకోదు. ఎవరో రాస్తేనే కొట్టుకుంటుంది. నీ బోర్డులు ఇట్ల చేస్తయా?

బోరుమోటారు శ్రీను | జూన్ 13, రాత్రి 8:22

చెయ్యవు.

బోరుమోటారు శ్రీను | జూన్ 13, రాత్రి 8:49

చారన్నా, ఇప్పుడే లేచి లైటేసి పాత ఫైళ్లు చూశాను. అది టెస్టు ప్రోగ్రాం. బోర్డు తయారైన చోట రిలేలు మూడూ పనిచేస్తున్నాయో లేదో చూడడానికని ఆన్ అవగానే ఒక్కోటి కొట్టేలా రాశాను. మిగతాదంతా మామూలు స్టార్టరే. బోర్డులు నా దగ్గరికి వచ్చాక నేను ఆ చిప్‌ని చెరిపి అసలుది ఎక్కిస్తాను. బజార్లోకి పోయిన నా బోర్డు ఒక్కదాంట్లో కూడా ఆ టక్ టక్ లేదు.

ఆ హెక్స్ ఫైలు ఈ భూమ్మీద రెండే చోట్ల ఉంది. నా కంప్యూటర్లో, నేను మెయిల్ పంపిన చోట.

రైతు మొదటి ఫోన్లోనే చెప్పాడు. నేనే రిలే పోయిందేమో అనుకున్నాను.

గ్లిచ్ గిరి | జూన్ 13, రాత్రి 9:01

అంటే యూవీ లేదు, గ్లిచ్ లేదు, ఐఎస్‌పీ కూడా లేదు. అటాచ్‌మెంట్!

సోల్డర్ సుబ్బారావు | జూన్ 13, రాత్రి 9:05

నేను కేంబ్రిడ్జి దాకా పోయి వచ్చాను.

రేవతి ఎంబెడెడ్ | జూన్ 13, రాత్రి 9:30

నేను కూడా లాక్ బైటు దొరకగానే దొంగ దొరికాడనుకున్నాను. అది తెరిచి ఉన్నమాట నిజమే, కానీ వాడికి ఆ దారి అవసరమే పడలేదు.

ఇక్కడి నుంచి ఇలా చేయండి. బయటికి పంపే టెస్టు ప్రోగ్రాంలో స్టార్టర్ ఉండకూడదు. రిలేలు కొట్టడం, ఫేజులు చూడడం, మాడ్యూల్ పలుకుతోందా అని అడగడం, అంతవరకే. అసలు ప్రోగ్రాం ఎక్కించి లాక్ వేయడం మీ గదిలో, మీ చేత్తో. వరసలో లాక్ చివర. ముందే వేస్తే సరిచూసుకోవడానికి చదవలేరు. వేసిన తర్వాత మళ్లీ చదవబోయి, రావట్లేదని చూసుకున్నాకే డబ్బా మూత బిగించండి. ఈ చివరి పని ఎవరూ చెయ్యరు, ప్రతి బోర్డుకీ చేయండి. రేపు కొత్త బోర్డు డిజైన్ చేసినప్పుడు, గాల్లో అప్‌డేట్ పంపాలనుకున్నప్పుడు ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ల గురించి వేరే మాట్లాడుకుందాం. అప్పుడు ఫైలు ఎవరి మెయిల్లో ఉన్నా భయం ఉండదు.

లాయర్ పద్మ | జూన్ 13, రాత్రి 9:44

మెయిల్ పంపిన తేదీ, అటాచ్‌మెంట్ అలాగే ఉంచండి. ఏదీ డిలీట్ చేయొద్దు. చారి గారు చదివిన ఫైలు ఎలా, ఎప్పుడు, ఎవరి ముందు చదివారో రాసి పెట్టమనండి. మిగతాది ఇక్కడ కాదు, ఫోన్లో.

మోడరేటర్ | జూన్ 13, రాత్రి 9:50

అవును. ఆ సంస్థ పేరు ఇక్కడ ఎవరూ రాయకండి, ఊహించకండి.

బోరుమోటారు శ్రీను | జూన్ 16, మధ్యాహ్నం 12:30

పేరు రాయను. అక్కడికి ఇక ఫైళ్లు పోవు, అంతే.

చారన్నా, ఆ రైతు నాకు కస్టమర్ కాదు గానీ నా నంబరుకి ఫోన్ చేశాడు కదా. ఊరికే వదలబుద్ధి కాలేదు. అసలు ప్రోగ్రాం ఎక్కించి, లాక్ వేసి, చదవబోయి చూసుకుని, ఒక చిప్ కొరియర్ చేశాను. బేస్‌లోంచి పాతది పీకి ఇది గుచ్చితే చాలు. పాత చిప్ మాత్రం కవర్లో పెట్టి పద్మ మేడమ్ చెప్పినట్టు సంతకం చేసి దాచన్నా. హెక్స్ మెయిల్ చేద్దామని ఒకసారి చెయ్యి పోయింది, వెనక్కి తీసుకున్నాను :)

చిప్ చారి | జూన్ 18, సాయంత్రం 5:40

చిప్ అందింది. ఊరికే చూద్దామని చదవబోయిన, పనికొచ్చేది ఒక్క బైటూ రాలేదు. మంచిగుంది.

బిగించి వచ్చిన. టక్ టక్ పోయింది. మిస్డ్ కాల్‌కి మోటారు లేస్తోంది, ఫేజు పీకితే ఆగుతోంది. రైతుకి మాత్రం ఒక కంప్లయింట్ ఉందన్నా. ఆ మూడు దెబ్బలు వినపడితే రాత్రిపూట మంచం మీద నుంచే కరెంటు వచ్చిందని తెలిసేదట. ఇప్పుడు లేచి పోయి చూడాల్సి వస్తోందని గొణుగుతున్నడు.

బోరుమోటారు శ్రీను | జూన్ 18, సాయంత్రం 6:02

పెడతానని చెప్పన్నా. ఈసారి రెండే కొట్టిస్తాను. మూడు కొట్టిందంటే అది వాళ్లదని తెలుస్తుంది.